మూడు రోజులు నా ఫోన్ మోగలేదు: పండగ చేసుకోవాలా, భయపడాలా?

వార్డు సిస్టర్ (గుంటూరు) | ఫిబ్రవరి 11, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం నాకు అలవాటు లేదు. ఇవాళ ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. నిరుడు జనవరిలో మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జ్‌ని చేశారు. పద్నాలుగు మంది సిస్టర్లు, నలుగురు ఆయాలు, ఇద్దరు వార్డ్ బాయ్‌లు. మొదటి ఆరు నెలలు నేను ఇంటికొచ్చినా చెవి మాత్రం వార్డులోనే ఉండేది. డ్యూటీ మార్చమని ఒకరు, ఇండెంటులో ఏం రాయాలని ఒకరు, డాక్టరు గారు అరిచారని ఒకరు. మా అత్తగారి సంవత్సరీకం రోజు విస్తరి ముందు కూర్చుని సెలైన్ పెట్టే క్యాన్యులా సైజులు చెప్పాను. ఫోన్ మోగితే మా పాప "అమ్మా, నీ వార్డు ఏడుస్తోంది" అని తెచ్చి ఇచ్చేది. దానికి ఆరేళ్లు.

పోయిన వారం తెనాలిలో మా పెదనాన్న కూతురి పెళ్లి. మూడు రోజులు సెలవు పెట్టాను. మొదటి రోజు ఫోన్ మోగలేదు, హాయిగా ఉంది. రెండో రోజూ మోగలేదు. సిగ్నల్ ఉందో లేదో అని మా ఆయన చేత ఒకసారి చేయించుకుని చూశాను. మూడో రోజు ఆగలేక నేనే చేశాను. "అంతా బాగానే ఉంది మేడమ్, మీరు భోంచేశారా?" అని అడిగి పెట్టేశారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, నారాకోడూరు దాటాక, ఉన్నట్టుండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడాది కింద రోజుకు ఇరవైసార్లు పిలిచినవాళ్లు వీళ్లే కదా. ఇది నేను సంపాదించుకున్నదే కదా అనిపించింది. దీనికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు, ఇంక్రిమెంట్ వేయరు. ఇంట్లో చెబితే "ఫోన్ మోగకపోతే పండగేంటే" అంటారు. అయినా చేసుకోవాలని ఉంది. కానీ ఏదో మూల కొంచెం భయంగా కూడా ఉంది. ఎందుకో నాకే తెలియడం లేదు.

పది మందితో పని చేయించేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు ఎదిగారని మీకు ఎలా తెలిసింది? తెలిసిన రోజున ఏం చేశారు?

---

కృష్ణలంక కుర్రోడు | ఫిబ్రవరి 11, రాత్రి 10:31

అక్కా, ముందు కంగ్రాట్స్. మా మేనేజర్ సెలవు పెడితే మేమూ ఫోన్ చేయం. కారణం మాత్రం వేరే 😄

---

సింగ్‌నగర్ సెక్రటరీ | ఫిబ్రవరి 11, రాత్రి 11:05

సిస్టర్ గారూ, చేసుకోండి. నా సంగతి చెబుతాను.

2024 సెప్టెంబర్ 1 తెల్లవారేసరికి విజయవాడలో బుడమేరు వాగు మా వీధిలో ఉంది. అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది, కరెంటు లేదు. ఇరవై నాలుగు ఫ్లాట్లు. నేను సంఘం సెక్రటరీని. డాబా మీద ట్యాంకుల్లో ఉన్న నీళ్లకు లెక్క కట్టాను, ఫ్లాటుకు రెండు బకెట్లు. పాల ప్యాకెట్లు పడవలో వస్తే తాడు కట్టిన బకెట్లో పైకి లాగాం. ఎవరికి బీపీ మాత్రలు అయిపోయాయో తిరిగి తిరిగి అడిగాను. అందరూ నా మాట విన్నారు. నీళ్లు తగ్గాక శాలువా కప్పారు. ఆ ఫోటో ఫ్రేము కట్టించుకున్నాను, అబద్ధమెందుకు.

నవంబరులో సంపు శుభ్రం చేయించాలని మీటింగు పెడితే నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు వాచ్‌మన్ పిల్లలు.

నీళ్లల్లో ఉన్నప్పుడు మనిషి ఎవరు చెప్పినా వింటాడు, అందులో నా గొప్పేం లేదని అప్పుడు అర్థమైంది. అసలు పండగ జనవరిలో వచ్చింది. మూడో అంతస్తులో ఉండే పిన్నిగారు, ఆ వరదలో నాతో నీళ్ల లెక్క మీద గొడవపడ్డావిడే, తనంతట తాను ఒక లిస్టు రాసి లిఫ్టులో అంటించారు. ఎవరు ఇన్సులిన్ మీద ఉన్నారు, ఎవరు మెట్లు దిగలేరు, ఎవరింట్లో చంటిబిడ్డ ఉంది, మోటారు గది తాళం ఎవరి దగ్గర. నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. లిఫ్టు ఎక్కితే కనిపించింది.

ఆ సాయంత్రం ఒక్కణ్నే ప్రకాశం బ్యారేజీ మీదకు వెళ్లి నిలబడ్డాను. సెప్టెంబర్ 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఇప్పుడు కింద ఇసుక కనిపిస్తోంది. పల్లీలు కొనుక్కుని తిని ఇంటికొచ్చాను. అదే నా పార్టీ.

---

మిర్చి గుమాస్తా | ఫిబ్రవరి 12, అర్ధరాత్రి 12:15

సీజను కదా, ఇప్పుడే యార్డు నుంచి వచ్చా. ఒళ్లంతా ఘాటు. రెండు ముక్కలే రాస్తా.

పద్దెనిమిదేళ్లుగా ఒక కమీషన్ కొట్టులో ఉన్నా. ఇప్పుడు ముగ్గురు కుర్రాళ్లను నా చేతికిచ్చారు. మా పనిలో మొదటి విద్య ఏందంటే, టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, మూతి కోసి, చెయ్యి లోపలిదాకా పెట్టాలి. పైన ఎప్పుడూ ఎర్రగా మెరిసే కాయే ఉంటది, తాలు అడుగున ఉంటది. పిడికెడు తీసి చెవి దగ్గర ఊపాలి. గింజ గలగలమంటే ఎండినట్టు. తొడిమ వంచితే టక్కున విరగాలి. సాగిందంటే తడి ఉన్నట్టే, రెండు వారాల్లో తూకం తగ్గుద్ది, కొన్నవాడు మన మీదకొస్తాడు.

ఇదంతా వాళ్లకు నోటితో చెప్పా. కానీ వాడు చెయ్యి పెట్టగానే నేను టిక్కీ లాక్కునేవాణ్ని. "తప్పుకో, నేను చూస్తా." మూడు సీజన్లు ఇదే వరస. వాళ్లు నేర్చుకోలేదని ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పుకునేవాణ్ని.

ఈ ఏడు నియమం పెట్టుకున్నా. కుర్రాడు కాయ చూసేటప్పుడు నా రెండు చేతులూ వెనక్కి కట్టుకోవాలి. ఉత్తమాట కాదమ్మా, నిజంగానే కట్టుకుంటా. హమాలీలు "పోలీసాయన వచ్చాడు" అని నవ్వుతారు. మొన్నొక తేజ రకం లాటు వాడు బాగా ఎండిందన్నాడు. నాకు అనుమానంగానే ఉంది. నోరు మూసుకున్నా. తర్వాత తూకం తగ్గింది. ఓనరు అడిగితే "నేనే చూశానండీ" అని చెప్పా. అసలే ఈ ఏడు రేటు పడిపోయి రైతుల మొహం చూడలేకపోతున్నాం, ఓనరు కూడా మంచి మూడ్‌లో లేడు, బాగానే తిట్టాడు. పక్కన నిలబడి కుర్రాడు విన్నాడు. తెల్లారి నుంచి వాడు కాయ చూసే తీరే మారిపోయింది. రెండుసార్లు ఊపుతున్నాడు.

ఆ రాత్రి లాడ్జి సెంటర్లో బండి దగ్గర రెండు ప్లేట్లు బజ్జీ తిన్నా. మిర్చి యార్డువాడికి మిర్చి బజ్జీ పార్టీ ఏందని నవ్వబాకండి.

రెండు ముక్కలన్నా, ఇంత అయింది.

---

ఆటోనగర్ బాబాయ్ | ఫిబ్రవరి 12, ఉదయం 7:40

అందరూ చప్పట్లు కొడుతున్నారు కాబట్టి అడ్డం పడే పని నేను చేస్తాను. అమ్మా, మోగని ఫోన్‌ను నేను నమ్మను.

మాది లారీ బాడీ కట్టే షెడ్డు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఒకసారి కుటుంబంతో తిరుపతి వెళ్లి నాలుగు రోజులుండి వచ్చాను. ఒక్క ఫోన్ లేదు. వచ్చేసరికి బాడీ పూర్తయి, పెయింటు కూడా కొట్టి నిగనిగలాడుతోంది. పొంగిపోయాను. మిఠాయి కూడా పంచాను. రెండు నెలలకు ఆ బండి ఏలూరు దాటి ఆగిపోయింది. క్రాస్ మెంబర్ (కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) దగ్గర వెల్డింగ్ సరిగ్గా పట్టలేదు. పట్టలేదని మా వాళ్లకు ఆ రోజే తెలుసు. నాకు ఫోన్ చేస్తే తిడతానని పైన పెయింటు కొట్టేశారు.

అప్పట్నుంచి షెడ్డు నిశ్శబ్దంగా ఉంటే నాకు గుండె దడ. మీరు స్వీట్లు కొనేముందు ఆ మూడు రోజుల కాగితాలు చూడండి.

---

కృష్ణలంక కుర్రోడు | ఫిబ్రవరి 12, ఉదయం 8:02

బాబాయ్ వచ్చాడు, పండగ పోయింది.

---

కేసరపల్లి కోడర్ | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:10

బాబాయ్ గారి మాటను అంత తేలిగ్గా తీసేయకండి. దీని మీద ఆసుపత్రుల్లోనే జరిగిన పరిశోధన ఒకటి ఉంది.

హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో విద్యార్థిగా ఉన్నప్పుడు, నర్సింగ్ టీముల్లో మందుల పొరపాట్లు ఎలా జరుగుతున్నాయో చూశారు. బాగా కలిసి పనిచేసే టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆవిడ అనుకున్నారు. లెక్క చూస్తే తిరగబడింది. మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. మొదట ఆవిడకే అర్థం కాలేదట. తీరా చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. మిగతా వార్డుల్లో హెడ్ నర్సుకు భయపడి నోరు విప్పడం లేదు.

కాబట్టి ఫోన్ మోగలేదంటే రెండు అర్థాలూ ఉండొచ్చు. వాళ్లకు పని వచ్చి ఉండొచ్చు, మీరంటే భయమూ అయి ఉండొచ్చు. బయట నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

నేను తొమ్మిది మంది టీముకు లీడ్‌ని. మా సాఫ్ట్‌వేర్‌లో ఈ చిక్కు రోజూ ఉంటుంది. "బగ్స్ ఏమీ లేవు సర్" అన్నవాడి కోడ్ నేను రెండుసార్లు చూస్తాను.

పండగ సంగతి కూడా చెప్పేస్తాను. తెరీసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ అనే ఇద్దరు 7 కంపెనీల్లో 238 మంది చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 ఎంట్రీలు చదివారు. పని ఏ కాస్తయినా ముందుకు కదిలిన రోజే మనిషికి మంచి రోజని తేలింది. అది చదివాక నేనూ శుక్రవారం సాయంత్రం మూడు లైన్లు రాసుకోవడం మొదలుపెట్టాను. ఆరు నెలల కిందటి పేజీ తీస్తే "ఇవాళ మీటింగులో ఒకణ్ని అందరి ముందు నిలబెట్టి అడిగాను, రాత్రి నిద్ర పట్టలేదు" అని ఉంది. ఇప్పుడు అలా అడగను. ఆ పేజీ లేకపోతే నేను మారానని నాకే తెలిసేది కాదు.

---

బ్రాడీపేట టీచరమ్మ | ఫిబ్రవరి 12, సాయంత్రం 5:30

నేను ఇరవై రెండేళ్లు టీచరుగా, తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను. మీ అందరిదీ చదివాను.

డైరీ మంచిదే నాయనా. కానీ మనం రాసుకునే డైరీలో మనమే మంచివాళ్లం. మా స్కూల్లో నేను రౌండుకు బయలుదేరితే క్లాసులు నిశ్శబ్దమైపోయేవి. నా క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను, చాలా ఏళ్లు. నా పక్క గదిలో లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన క్లాసులోంచి ఎప్పుడూ గోల వినిపించేది. "సార్, నాకు రాలేదు", "సార్, మీరు తప్పు వేశారు" అని పిల్లలు అరుస్తుండేవారు. ఆయనకు మెమో కూడా ఇచ్చాను. పదో తరగతి లెక్కల్లో ఎవరి సెక్షన్ బాగా వచ్చేదో చెప్పక్కర్లేదనుకుంటాను. ఆ మెమో సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మన గుంటూరులోనే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్లలు చదవడమే తప్పనే రోజుల్లో పెట్టిన బడి అది. నేను మొదట ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పెద్దావిడ ఆ బడి గురించి చెబుతుండేవారు. ఆడవాళ్లం అజమాయిషీ చేయాలంటే మగవాళ్లకంటే గట్టిగా అరవాలని మా తరం అనుకుంది. అలా అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

సిస్టరమ్మా, నువ్వు అరుస్తావా? నిజం చెప్పు.

---

వార్డు సిస్టర్ (గుంటూరు) | ఫిబ్రవరి 12, రాత్రి 9:50

టీచర్ గారూ, అరుస్తాను. అరిచేదాన్ని. ఇప్పుడు తగ్గింది. తగ్గిందనే అనుకుంటున్నాను.

బాబాయ్ గారి మాట విని ఇవాళ రిజిస్టర్లు తీశాను. డ్యూటీ రోస్టర్ బాగుంది. ఎమర్జెన్సీ ట్రాలీ ప్రతి షిఫ్టుకూ చెక్ చేసి సంతకం పెట్టారు, సీలు నంబర్లు సరిపోయాయి. హ్యాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు అప్పగింత) మంచం మంచానికీ వెళ్లి ఇచ్చినట్టు రాశారు. పొరపాట్లు రాసే ఇన్సిడెంట్ రిజిస్టర్ మాత్రం మూడు రోజులూ ఖాళీ.

ముప్ఫై మంచాల వార్డు. మూడు రోజుల్లో చిన్న పొరపాటైనా, జరగబోయి తప్పిపోయిన పొరపాటైనా ఒక్కటీ లేకుండా ఉండదు. నేనున్నప్పుడే వారానికి రెండు మూడు ఉంటాయి. (అవీ నా కంట పడితేనే రాయిస్తానని ఇది టైపు చేస్తుంటే తట్టింది.)

ఎవరినీ ఏమీ అడగలేదు. ఎలా అడగాలో తెలియక ఇంటికొచ్చేశాను.

---

ఆటోనగర్ బాబాయ్ | ఫిబ్రవరి 12, రాత్రి 10:05

చెప్పానా!

---

మిర్చి గుమాస్తా | ఫిబ్రవరి 12, రాత్రి 11:48

బాబాయ్, గెలిచినట్టు రాయబాకు. ఆ బండి ఆగిపోయిందాకా మీ కుర్రాళ్లు మీకెందుకు చెప్పలేదో అది మీ కథే గదా, వాళ్లది కాదు.

అమ్మా, "ఎవరు చేశారు" అని అడగొద్దు. నేను మా కుర్రాణ్ని పట్టుకోవాలంటే ముందు నేను పోగొట్టిన లాటు కథ చెబుతా. వాడికి ధైర్యం వచ్చి వాడిది చెబుతాడు.

---

ఆటోనగర్ బాబాయ్ | ఫిబ్రవరి 13, ఉదయం 6:55

గుమాస్తా అన్న మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. నిజమే అయ్యుండొచ్చు. అయినా అన్నిటికీ మెత్తగా ఉంటే పని సాగదు. ఆసుపత్రిలో తప్పంటే ప్రాణం. తప్పు చేసినవాళ్లను మందలించకుండా స్వీటు పెడతారా? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.

---

మంగళగిరి లీడరమ్మ | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 2:20

నాకు పెద్ద చదువు లేదు, మా అబ్బాయి టైపు చేస్తున్నాడు. తప్పులుంటే వాడివి.

మాది పొదుపు సంఘం, పది మందిమి. వారం వారం మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సమయానికి కట్టడం, పుస్తకాలు రాయడం అని పంచసూత్రాలు మొదటి రోజే నేర్పారు. రెండేళ్లకోసారి లీడర్లు మారాలని కూడా చెప్పారు. నేను ఆరేళ్లు మారలేదు. ఎప్పుడు మారుద్దామన్నా "నువ్వే ఉండక్కా, నీకు బ్యాంకులో అందరూ తెలుసు" అనేవాళ్లు. నా మీద ఎంత నమ్మకమో అనుకున్నా.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. నెలన్నర మంచం. ఆ నెల బ్యాంకు వాయిదా కట్టలేదు. డబ్బు ఉంది, పది మంది దగ్గరా వసూలైంది. బ్యాంకుకు వెళ్లి కట్టడానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. స్లిప్పు నింపడం రాదు. ఆరేళ్లలో నేను ఎవరినీ తీసుకెళ్లలేదు, వెళ్తే ఆలస్యమవుద్దని.

లేచాక మొదటి మీటింగులోనే దిగిపోయా. కొత్త లీడరుగా వచ్చిన పిల్ల మూడు నెలలు మినిట్స్ పుస్తకం తప్పుల తడకగా రాసింది. పైన తేదీ కూడా వేసేది కాదు. నేను చూసి ఊరుకున్నా. ఊరుకోవడం ఎంత కష్టమో గుమాస్తా తమ్ముడికి తెలుసు. నాలుగో నెల ఆ పిల్లే బ్యాంకు మేనేజరుతో మాట్లాడి పెద్ద లోను తెచ్చింది. నేను లీడరుగా ఉండగా ఎప్పుడూ అడగనంత పెద్ద మొత్తం.

ఆ రోజు తొమ్మిది మందీ తలా కొంత వేసుకుని నాకు చీర తెచ్చారు. నిజాం అంచుది, మన మగ్గం మీదే నేసింది. లీడరుగా ఉన్న ఆరేళ్లలో ఎవరూ ఏమీ పెట్టలేదు, దిగిపోయాక పెట్టారు. అది ఇంకా కట్టుకోలేదు. బీరువా తీసినప్పుడల్లా చూసుకుంటా.

బాబాయ్ గారూ, మందలించొద్దని ఎవరన్నారు. మా గ్రూపులో వాయిదా ఎగ్గొడితే జరిమానా ఉంది. కానీ "ఈ నెల కట్టలేనక్కా" అని ముందే వచ్చి చెబితే జరిమానా లేదు. అంతే తేడా.

---

సింగ్‌నగర్ సెక్రటరీ | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3:00

చివరి మాట మా సంఘం మీటింగులో వాడుకుంటానమ్మా.

---

వార్డు సిస్టర్ (గుంటూరు) | ఫిబ్రవరి 15, రాత్రి 8:35

చెప్పాల్సింది చాలా ఉంది.

నిన్న ఉదయం హ్యాండోవర్ అయ్యాక రెండు షిఫ్టులవాళ్లనూ పది నిమిషాలు ఉండమన్నాను. గుమాస్తా అన్నయ్య చెప్పినట్టే నా కథ చెప్పాను. ఉద్యోగంలో చేరిన రెండో నెల నేను ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లలో ఒకరి యాంటీబయోటిక్ ఇంకొకరి సెలైన్‌లో కలపబోయాను. బాటిల్‌కు సూది గుచ్చేటప్పుడు పేషెంటు భార్య "మా ఆయనకు ఆ మందు పడదని రాశారు కదమ్మా" అంది. ఐపీ నంబరు (పేషెంటు అడ్మిషన్ నంబరు) చూసుకుని చేతులు చల్లబడిపోయాయి. ఆ సంగతి పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు. నిన్నే మొదటిసారి. గొంతు వణికింది. అందరూ నేల చూపులు చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. అనవసరంగా చెప్పి చులకనయ్యాననుకున్నాను.

మధ్యాహ్నం రెండుకు షిఫ్టు దిగాక మా అందరిలో చిన్నది, చేరి ఎనిమిది నెలలైన పిల్ల, డ్రెస్సింగ్ రూములోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. పెళ్లి రెండో రోజు రాత్రి సంగతి చెప్పింది.

ఒక షుగర్ పేషెంటు ఇంటి నుంచి తన ఇన్సులిన్ వయల్ (మందు సీసా) తెచ్చుకున్నాడు. అది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. మా ట్రాలీలో ఉండే వయల్స్ 40 యూనిట్లవి, సిరంజిలు కూడా వాటికి సరిపోయే ఎర్ర మూతవి. ఈ పిల్ల ఆయన వయల్లోంచి ఎర్ర మూత సిరంజితో పది గీతల దాకా తీసింది. తెలియనివాళ్లకు చెబుతున్నాను, అలా తీస్తే సిరంజిలో పది యూనిట్లు కాదు, ఇరవై ఐదు ఉంటాయి. రెండున్నర రెట్లు. రాత్రి పూట షుగర్ పడిపోతే నిద్రలో ఉన్నాడనుకుంటాం.

ఇన్సులిన్ ఇచ్చేముందు ఇంకో సిస్టర్‌కు చూపించాలని మా వార్డులో నియమం. ఈ పిల్ల చూపించింది. సీనియర్ సిస్టర్ మూత రంగు చూసి ఆపింది. పారేసి, నారింజ మూత సిరంజి ఫార్మసీ నుంచి తెప్పించి, సరైన డోసు ఇచ్చారు. పేషెంటుకు ఏమీ కాలేదు. మర్నాడు డిశ్చార్జ్ అయ్యాడు.

ఇద్దరూ కూర్చుని "రాస్తే మేడమ్ పెళ్లిలోంచి లేచి వస్తుంది, వచ్చాక పేలుస్తుంది" అనుకుని రాయలేదు. ఫోన్ చేయలేదు.

నిజం చెబుతున్నాను, కోపం ముక్కు దాకా వచ్చింది. నిరుడైతే ఆ పిల్ల అక్కడే ఏడ్చేది, వార్డంతా వినేది. నాకు మీ "చేతులు వెనక్కి కట్టుకోవడం" గుర్తొచ్చింది. కట్టుకున్నాను. పిచ్చిదానిలా ఉన్నానేమో. "కూర్చో. మంచినీళ్లు తాగు. నేను పేలుస్తానని ఎందుకనిపించింది?" అని అడిగాను. పోయిన దసరాకు ముందు నేను ఒక సిస్టర్‌ను స్టేషన్ దగ్గర అందరి ముందు అన్న మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పింది. నాకు ఆ రోజే గుర్తులేదు. అది ఒక్క అక్షరం మర్చిపోలేదు.

తర్వాత తనే రిజిస్టర్ తెచ్చి, ఐదు రోజులు ఆలస్యంగా, తన పేరుతో రాసింది. కింద నేను ఒక లైను రాశాను: ఇద్దరు చూడాలన్న నియమం పనిచేసింది, ఆలస్యంగా నమోదు కావడానికి కారణం ఇన్‌ఛార్జ్. సంతకం పెట్టాను.

ఇప్పుడు చెప్పండి. నేను పండగ చేసుకోవాలనుకున్న మూడు రోజులు ఇవీ.

---

బ్రాడీపేట టీచరమ్మ | ఫిబ్రవరి 15, రాత్రి 9:10

ఆ పిల్ల నీ గుమ్మం దాకా వచ్చింది కదమ్మా. నా బడిలో తొమ్మిదేళ్లలో ఒక్కరూ రాలేదు.

---

ఆటోనగర్ బాబాయ్ | ఫిబ్రవరి 15, రాత్రి 9:25

ఆ "కారణం ఇన్‌ఛార్జ్" అన్న లైను నేనైతే రాయలేకపోయేవాణ్ని. పెయింటు కొట్టిన కుర్రాడు ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు, మా సందు చివరే. రేపు వెళ్లి టీ తాగొస్తాను. ఊరికే.

---

కేసరపల్లి కోడర్ | ఫిబ్రవరి 15, రాత్రి 9:40

సిస్టర్, ఒక్క ప్రశ్న. ఈ సంగతి ఈ వార్డుతో ఆగుతుందా? మళ్లీ ఎవరైనా ఇంటి నుంచి వయల్ తెస్తే? మా దగ్గరైతే మనిషిని వదిలేసి, దారి ఎక్కడ తెరిచి ఉందో చూస్తాం.

---

వార్డు సిస్టర్ (గుంటూరు) | ఫిబ్రవరి 22, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి, నైట్ డ్యూటీలు పడ్డాయి.

కోడర్ తమ్ముడూ, దారి మూశాం. 40 యూనిట్ల వయల్‌కు వాడే సిరంజిలు, 100 యూనిట్ల వయల్‌కు వాడేవి ఇప్పుడు వేరు వేరు డబ్బాల్లో, ట్రాలీకి చెరో వైపు. ఇంటి నుంచి వచ్చిన ఏ వయల్ మీదైనా అడ్మిషన్ రోజే పెద్ద అక్షరాలతో స్టిక్కరు. ఈ ఆలోచన నాది కాదు, ఆ చిన్నదానిదే. మిగతా వార్డుల ఇన్‌ఛార్జ్‌లకు చెప్పడానికి దాన్నే పంపాను. వెళ్లేముందు నాలుగుసార్లు చున్నీ సర్దుకుంది.

ఈ వారంలో రిజిస్టర్లో ఆరు ఎంట్రీలు పడ్డాయి. సూపరింటెండెంట్ గారు "మీ వార్డులో తప్పులు పెరిగాయేంటి?" అని పిలిచారు. ఆవిడకు ఎడ్మండ్‌సన్ సంగతి చెబితే సగం నమ్మారు. మిగతా సగం వచ్చే నెల చూద్దామన్నారు.

పండగ చేశాను. మా ఆయన తెనాలి పని మీద వెళ్తే బెల్లం జిలేబీ రెండు కేజీలు తెప్పించాను. మూడు షిఫ్టులకూ పంచాను. ఎందుకని అడిగినవాళ్లకు "ఏడాదైంది ఇన్‌ఛార్జ్‌నై" అన్నాను. ఆ చిన్నదానికి మాత్రం కారణం తెలుసు. ఏమీ అనకుండా రెండోది తీసుకుంది.

ఇంకోటి. మొన్న రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. పదమూడో మంచం పేషెంటుకు రావాల్సిన మాత్ర గంట ఆలస్యమైందట. డ్యూటీ డాక్టరుకు చెప్పి, రిజిస్టర్లో రాసి, అన్నీ అయ్యాక నైట్ సిస్టర్ నాకు చేసింది. "ఏమీ కాలేదు మేడమ్, మీకు తెలియాలని." సరేనమ్మా అని పెట్టేశాను. పక్కన పాప కళ్లు తెరవకుండానే "నీ వార్డు ఏడుస్తోందా?" అంది. కాదే, కబుర్లు చెబుతోంది అన్నాను.

---

మిర్చి గుమాస్తా | ఫిబ్రవరి 22, రాత్రి 11:55

రెండు కేజీలూ అయిపోయినట్టేనా అమ్మా?

---

సింగ్‌నగర్ సెక్రటరీ | ఫిబ్రవరి 23, ఉదయం 7:15

సిస్టర్ గారూ, మా లిఫ్టులో లిస్టు ఉందన్నాను కదా, అందులో ఐదుగురు ఇన్సులిన్ వాళ్లు. ఆ సిరంజి మూతల సంగతి ఒక కాగితం మీద రాసి ఫోటో పెడతారా? పిన్నిగారు అంటిస్తానన్నారు.

---

వార్డు సిస్టర్ (గుంటూరు) | ఫిబ్రవరి 23, ఉదయం 7:32

డ్యూటీ దిగాక పెడతాను సార్. అంతవరకు ఇది రాసి అంటించండి: వయల్ మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. అనుమానమొస్తే వేయొద్దు, అడగండి.

గుమాస్తా అన్నయ్యా, అయిపోయాయి.